డాసన్ సిటీలో వేసవి నాలుగు నెలల పని: రెండు అవకాశాల్లో దేన్ని ఎంచుకోవాలి?

ఉత్తరదిక్కు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో విదేశీ విద్యార్థిగా స్టడీ పర్మిట్ మీద రెండేళ్ల మాస్టర్స్ కోర్సులో మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఏప్రిల్ నెలాఖరుకు పరీక్షలు పూర్తవుతాయి, మళ్ళీ తరగతులు సెప్టెంబరు మొదటి వారంలో మొదలవుతాయి. ఈ మధ్యలో వచ్చే నాలుగు నెలల్లో వచ్చే ఏడాది ఫీజులో కొంత భాగమైనా సంపాదించుకోవాలన్నది నా ఆలోచన. నగరంలోనే ఉండి పనిచేస్తే వచ్చిన డబ్బంతా గది అద్దెకూ, బస్ పాస్‌కూ, సరుకులకూ సరిపోతోంది తప్ప చేతిలో మిగలడం లేదని పోయిన సెలవుల్లోనే అర్థమైంది. అందుకే కెనడా ఉత్తరాన ఉన్న యూకాన్ ప్రాంతంలోని డాసన్ సిటీలో పర్యాటకుల సీజన్‌కు మనుషులు కావాలని ప్రకటనలు చూసి జనవరి నుంచి దరఖాస్తులు పెడుతూ వచ్చాను.

ఇప్పుడు నా చేతిలో రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది ఊళ్ళోని ఒక రెస్టారెంట్ వంటగదిలో పని. గంటకు 24 డాలర్లు ఇస్తామంటున్నారు, వారానికి 30 గంటలు ఉంటాయంటున్నారు, బస మాత్రం నేనే చూసుకోవాలి. ఊళ్ళో ఒక గదికి నెలకు 1,100 డాలర్లు చెబుతున్నారు, అదీ ఇంకా ఖాయం కాలేదు. రెండోది ఒక హోటల్లో హౌస్‌కీపింగ్, గంటకు 19.50 డాలర్లు, వారానికి ఐదు రోజులు, రోజుకు తొమ్మిదిన్నర గంటలు, ఉండటానికి స్టాఫ్ హౌసింగ్, రోజుకు రెండు పూటల భోజనం, ఈ రెండింటికీ కలిపి రోజుకు 20 డాలర్లు జీతంలోంచి కోసుకుంటారు.

గంటకు నాలుగున్నర డాలర్ల తేడా చిన్నదేమీ కాదు కాబట్టి మనసు మొదటిదాని వైపే లాగుతోంది. గది దొరకకపోతే నది అవతల క్యాంప్‌గ్రౌండ్‌లో గుడారం వేసుకోవచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఉత్తరాన పనిచేసేవాళ్ళకు పన్నులో ప్రత్యేక మినహాయింపు కూడా ఉంటుందని అతనే చెప్పాడు. అక్కడ ఒక్క వేసవైనా గడిపిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.

పడవరేవు:

తమ్ముడూ, నేను డాసన్‌లో వరుసగా రెండు వేసవులు పనిచేశాను. మొదటి ఏడాది హౌస్‌కీపింగ్‌లో, రెండో ఏడాది అదే హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో. మీ ప్రశ్న చదవగానే ఒక్క మాట చెప్పాలనిపించింది. డాసన్‌లో ఎంత మిగులుతుందన్నది గంట రేటు తేల్చదు. పడుకోవడానికి మంచం ఎక్కడుంది, వారానికి ఎన్ని గంటలు ఖాయంగా దొరుకుతాయి అన్న రెండే తేలుస్తాయి.

మీ అంకెలతోనే లెక్క వేసి చూడండి. మొదటి పనిలో 24 డాలర్ల చొప్పున 30 గంటలకు వారానికి 720 వస్తాయి. పదహారు వారాలకు 11,520 డాలర్లు. అందులోంచి నాలుగు నెలల అద్దె 4,400 తీసేస్తే 7,120 మిగులుతాయి, తిండి ఖర్చు ఇంకా అందులోంచే పోవాలి. రెండో పనిలో మొదటి 40 గంటలకు 780 డాలర్లు వస్తాయి. యూకాన్ చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు లేదా వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి కాబట్టి, మిగిలిన ఏడున్నర గంటలకు 29.25 చొప్పున మరో 219 డాలర్లు కలుస్తాయి. అంటే వారానికి దాదాపు వెయ్యి, పదహారు వారాలకు దాదాపు 16,000. బసకూ భోజనానికీ వారానికి 140 చొప్పున 2,240 పోయినా 13,700 పైచిలుకు మిగులుతుంది. పన్నులు, ఇతర కోతలు రెండు వైపులా ఉంటాయి కనుక వాటిని పక్కన పెట్టినా, తక్కువ రేటు ఉన్న పనిలోనే దాదాపు రెట్టింపు మిగులుతోందని మీకే కనబడుతుంది. ఒక్క విషయం మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్నిచోట్ల కొన్ని వారాల పని గంటలను సగటు తీసి లెక్కించే ఒప్పందం ఉంటుంది. అలాంటిది ఉంటే నేను వేసిన ఓవర్‌టైమ్ లెక్క మారిపోతుంది.

గది సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, డాసన్ పదిహేను వందల మందికి కాస్త పైన ఉండే ఊరు. వేసవిలో పర్యాటకులతో పాటు వాళ్ళకు వండి వడ్డించడానికి మాలాంటి వాళ్ళం వందలాదిగా ఒకేసారి వచ్చి పడతాం. ఇళ్ళు మాత్రం అవే ఇళ్ళు. మేలో దిగి గది వెతుక్కుందామనుకున్న వాళ్ళు జూన్ దాకా సోఫాల మీద పడుకోవడం నేను కళ్ళారా చూశాను. అవతలి ఒడ్డున ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్ ఉన్న మాట నిజమే, అక్కడికి జార్జ్ బ్లాక్ ఫెర్రీ ఉచితంగా, రేయింబవళ్ళు నడిచే మాటా నిజమే. అయితే అక్కడ వరుసగా ఎన్ని రోజులు ఉండవచ్చో పరిమితి ఉంటుంది. పైగా యూకాన్ నది మీద మంచు విరిగి కొట్టుకుపోయేది సాధారణంగా మే తొలి రోజుల్లో. ఆ తర్వాత కొన్ని రోజులకు గానీ ఫెర్రీ నీళ్ళలోకి దిగదు. మే మొదటి వారంలో పనిలో చేరే మనిషికి అవతలి ఒడ్డు అందుబాటులోనే ఉండదు.

ఇక హౌస్‌కీపింగ్ పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని రండి, ఎందుకంటే అది తేలిక పని కాదు. పొద్దున ఎనిమిదికి టూర్ బస్సు బయలుదేరగానే ఒక్కసారిగా వరుసలకు వరుసలు గదులు ఖాళీ అవుతాయి, మధ్యాహ్నం మూడింటికల్లా తరువాతి బస్సు మనుషులకు అవే గదులు సిద్ధంగా ఉండాలి. డాసన్ వీధుల్లో చాలావాటికి తారు ఉండదు. నడవడానికి పక్కన చెక్క పలకలు పరిచి ఉంటాయి, మధ్యలో అంతా మట్టి. వాన పడిన రోజు ఆ బురద బూట్లకు అంటుకుని కార్పెట్ల మీదికి, అక్కడి నుంచి స్నానాల గది తెల్లటి పలకల మీదికి చేరుతుంది. ఎండిన తర్వాత దాన్ని బ్రష్‌తో ముందు పొడిగా దులిపి, ఆ తర్వాతే తడి గుడ్డ పెట్టాలని మొదటి వారంలో నాకు నేర్పిన సహోద్యోగిని ఇప్పటికీ తలుచుకుంటాను. తడి గుడ్డ ముందు పెడితే ఆ మట్టి సున్నంలా పూసుకుపోయి ఒక్కో గదికి పది నిమిషాలు అదనంగా తింటుంది. దిండు మీద అతిథులు వదిలి వెళ్ళే టిప్ ఒక్కోసారి రెండు డాలర్లు, ఒక్కోసారి ఇరవై. దాన్ని ఎవరికి వారే తీసుకుంటారా, అందరూ పంచుకుంటారా అన్నది కూడా చేరకముందే అడగవలసిన ప్రశ్న.

దస్త్రం:

పై సమాధానంలోని లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కాగితాల వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను, ఎందుకంటే నాలుగు నెలల సంపాదన కోసం స్టడీ పర్మిట్‌ను ప్రమాదంలో పెట్టుకున్న పిల్లలను చూసి బాధపడ్డాను.

తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని చేయాలన్న నియమం 2024 నవంబరు 8 నుంచి అమలులో ఉంది. నిర్ణీత సెలవుల్లో మాత్రం పూర్తికాలం పని చేయవచ్చు. ఆ సెలవులకు ముందు టర్మ్‌లోనూ, తర్వాతి టర్మ్‌లోనూ మీరు పూర్తికాల విద్యార్థిగా ఉండాలి, విద్యాసంస్థ క్యాలెండర్‌లో అది నిజంగా సెలవు కాలమై ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోర్సులు చేసి పూర్తి చేసే మాస్టర్స్‌లో వేసవి చాలావరకు సెలవే అవుతుంది. పరిశోధన మీద నడిచే మాస్టర్స్‌లో వేసవి కూడా ఒక టర్మ్‌గా లెక్కకు రావచ్చు. మీది రెండింటిలో ఏదో మీరు రాయలేదు. మే నుంచి ఆగస్టు వరకు నిర్ణీత సెలవు అని తెలిపే ఉత్తరం ఒకటి మీ విశ్వవిద్యాలయం నుంచి తీసుకుని దగ్గర పెట్టుకోండి. 9 అంకెతో మొదలయ్యే మీ సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబర్ గడువు స్టడీ పర్మిట్ గడువుతోనే ముగుస్తుంది. అది సెప్టెంబరు దాటి ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

పన్ను మినహాయింపు గురించి మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. యూకాన్ మొత్తం ఆ మినహాయింపు వర్తించే ఉత్తర మండలంలోనే ఉంది, కానీ అది పొందాలంటే అక్కడ వరుసగా కనీసం ఆరు నెలలు నివసించి ఉండాలి. మే నుంచి ఆగస్టు వరకు ఉండి వచ్చేవారికి అది రాదు. దాన్ని లెక్కలో వేసుకుని ఫీజు ప్రణాళిక చేసుకోవద్దు. మీకు నిజంగా ఉపయోగపడేది వేరే ఉంది. 2025 సంవత్సరానికి సమాఖ్య పన్నులో మూల మినహాయింపు 16,129 డాలర్లు. ఏడాది మొత్తం మీ ఆదాయం ఆ చుట్టుపక్కలే ఉంటే, జీతంలోంచి ముందుగా కోసిన పన్నులో చాలా భాగం రిటర్న్ దాఖలు చేసినప్పుడు తిరిగి వస్తుంది. డిసెంబరు 31న మీరు ఎక్కడ నివసిస్తున్నారో ఆ ప్రాంతపు పన్నే వర్తిస్తుంది కాబట్టి, యూకాన్‌లో సంపాదించినా మీరు ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టా రాష్ట్ర నివాసిగానే రిటర్న్ వేస్తారు. పింఛను నిధి కోసం కోసే 5.95 శాతం మాత్రం వెళ్ళినట్టే అనుకోండి.

సెలవు వేతనం కూడా మరిచిపోకండి. చివరి పే స్లిప్‌లో సంపాదన మీద కనీసం 4 శాతం ఆ పద్దు కింద రావాలి. హోటల్ పని లెక్కన అది 600 డాలర్లకు పైనే. యూకాన్ కనీస వేతనం 2025 ఏప్రిల్ 1న 17.94 డాలర్లకు పెరిగింది, ఏటా ఏప్రిల్ 1న దాన్ని ధరలను బట్టి సవరిస్తారు. ఆల్బర్టాలో 15 డాలర్లే కనుక 19.50 మనకు గొప్పగా కనిపిస్తుంది గానీ, అక్కడి లెక్కలో అది కనీస వేతనానికి ఒక మెట్టు పైన మాత్రమే. అందువల్ల అనుభవం ఉంటే ఇంకో డాలర్ అడగడంలో మొహమాటపడవద్దు.

ఇంకో మాట. కెనడా సమ్మర్ జాబ్స్ పథకం కింద ఇచ్చే ఉద్యోగాలకు అంతర్జాతీయ విద్యార్థులు అర్హులు కారు, కాబట్టి ఆ ప్రకటనల మీద కాలం వృథా చేసుకోకండి. అలాగే పక్కనే కదా అని అలాస్కాలోని స్కాగ్‌వేలో పని వెతకవద్దు. అది అమెరికా. మీ కెనడా పర్మిట్ అక్కడ చెల్లదు, సెలవు రోజున చూసి రావడానికి వెళ్ళినా భారతీయ పాస్‌పోర్టుకు అమెరికా వీసా కావాలి. ఉద్యోగం ఇప్పిస్తానని ముందే డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, మన భాష మాట్లాడేవారైనా సరే, అక్కడితో మాట ఆపేయండి.

వెన్నెలబాట:

నేను రాసేది ముఖ్యంగా ఈ చర్చ చదివే చెల్లెళ్ళ కోసం, అయినా ప్రశ్న అడిగిన తమ్ముడికి కూడా పనికొస్తుంది. నేను పనిచేసింది డాసన్‌లో కాదు, యూకాన్‌లోనే రోడ్డు పక్కన ఒంటరిగా ఉండే ఒక లాడ్జ్ వంటగదిలో. ప్రకటనలో వారానికి 40 గంటలు అని ఉంది. మే పన్నెండున నేను చేరేసరికి పర్యాటకులు ఇంకా రాలేదు. మొదటి మూడు వారాలూ నాకు దొరికింది వారానికి ఇరవై గంటల పని. గది అద్దె మాత్రం రోజు లెక్కన పూర్తిగా కోశారు. మొదటి పే స్లిప్ చేతికొచ్చిన రాత్రి దాన్ని నాలుగుసార్లు చదువుకుని ఏడ్చాను. గంటలు ఖాయమని నా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు, ఫోన్‌లో విన్న మాట తప్ప. జూన్ రెండో వారం నుంచి పని నిండా దొరికింది గానీ, ఆ మూడు వారాల నష్టం చివరిదాకా పూడలేదు. అందుకే ఏ తేదీ నుంచి ఎన్ని గంటలు ఖాయమో, పని తక్కువైన వారంలో కూడా బస డబ్బు కోస్తారో కోయరో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇవ్వవలసిన వేతనం ఇవ్వకపోతే యూకాన్ ప్రభుత్వ కార్మిక ప్రమాణాల కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. దానికి డబ్బు కట్టక్కరలేదు, భయపడవలసిన పనీ లేదు. అక్కడికి వెళ్ళినప్పుడు చూపించడానికి ఏ రోజు ఎన్ని గంటలు చేశామో మన సొంత పుస్తకంలో రాసుకున్న లెక్క ఉండాలి.

గది ఎందరు పంచుకోవాలో, తలుపుకు లోపలి నుంచి తాళం ఉందో లేదో, స్నానాల గది ఆడవాళ్ళకు వేరుగా ఉందో లేదో అడగడానికి సిగ్గుపడకండి. మంచి యజమాని ఈ ప్రశ్నలకు విసుక్కోడు. రోడ్డు పక్క లాడ్జిల్లో ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు కనుక, వైఫై సిబ్బందికి ఇస్తారో లేదో తెలుసుకుని ఇంట్లో అమ్మానాన్నలకు ముందే చెప్పి వెళ్ళండి. నేను చెప్పకుండా వెళ్ళి మొదటి ఐదు రోజులు మా అమ్మను చాలా కలవరపెట్టాను.

ప్రయాణం గురించి ఒక జాగ్రత్త. బ్రిటిష్ కొలంబియాలో డాసన్ క్రీక్ అని ఇంకో ఊరుంది, అలాస్కా హైవే మొదలయ్యేది అక్కడే. మనకు కావలసిన డాసన్ సిటీ అక్కడి నుంచి 1,900 కిలోమీటర్లకు పైగా దూరం. మా లాడ్జికి వచ్చిన ఒక అబ్బాయి పేరు చూసి పొరపాటున ముందు ఆ ఊరికే టికెట్ కొనుక్కున్నాడు. ఎడ్మంటన్ నుంచి వైట్‌హార్స్‌కే దాదాపు 2,000 కిలోమీటర్లు, అక్కడి నుంచి డాసన్‌కు ఇంకో 530. రానుపోను ఖర్చు మీ మిగులు లెక్కలోంచి ముందే తీసి పెట్టుకోండి.

తిండి విషయంలో నేను శాకాహారిని, సిబ్బంది భోజనంలో నాకు చాలా రోజులు బ్రెడ్, బంగాళదుంపలే దిక్కయ్యాయి. సరుకులన్నీ లారీల్లో అంత దూరం రావాలి కాబట్టి అక్కడి దుకాణాల్లో ధరలు ఎక్కువ, కందిపప్పు దొరుకుతుందని ఆశపెట్టుకోలేం. ఎడ్మంటన్‌లోనే నాలుగు కిలోల పప్పు, చింతపండు, పచ్చడి సీసా, చిన్న కుక్కర్ సర్దుకోండి. ఇంకొకటి, కిటికీకి అతికించడానికి అల్యూమినియం రేకు చుట్ట. జూన్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాటాక అస్తమించి, నాలుగైనా కాకముందే వెలుగు మళ్ళీ నిండుతుంది, మధ్యలో చీకటి అనేదే ఉండదు. పని చేసి అలసిపోయినా కళ్ళు మూతపడవు. రేకు అతికించిన రాత్రే నాకు సరైన నిద్ర పట్టింది.

ఉత్తరదిక్కు:

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పాక హోటల్ వారికి ఈమెయిల్ రాసి, గంటలు, ఓవర్‌టైమ్, గది, చివరి తేదీ గురించి అడిగాను. నిన్న సమాధానం వచ్చింది. సగటు ఒప్పందం లేదు, ఓవర్‌టైమ్ రోజువారీగానే లెక్కిస్తారు. గదిలో ఇద్దరం ఉండాలి. రోజుకు తొమ్మిదిన్నర గంటల పని జూన్ 1 నుంచి సెప్టెంబరు 10 వరకు ఖాయం, అంతకు ముందు పనిని బట్టి ఇస్తారు. సీజన్ చివరిదాకా ఉన్నవారికి చేసిన ప్రతి గంటకూ ఒక డాలర్ చొప్పున బోనస్ ఉంటుందని కూడా రాశారు. నన్ను మే 5న రమ్మంటున్నారు, నా తరగతులేమో సెప్టెంబరు 2న మొదలవుతాయి. నాది కోర్సు ఆధారిత మాస్టర్సే; సెలవు ధ్రువీకరణ ఉత్తరానికి దరఖాస్తు పెట్టాను. బోనస్ కోసం మొదటి వారం తరగతులు మానితే ఏమైనా ఇబ్బంది ఉంటుందా? మే 5నే వెళ్ళాలా?

పడవరేవు:

తరగతులు మానవద్దు. టర్మ్ మొదలైన రోజు నుంచి మీకు 24 గంటల పరిమితి మళ్ళీ వర్తిస్తుంది, ఆ వారంలో 47 గంటలు పనిచేస్తే అది పర్మిట్ నియమాన్ని ఉల్లంఘించడమే అవుతుంది. జూన్ 1 నుంచి ఆగస్టు చివరిదాకా పదమూడు వారాలకు బోనస్ ఆరు వందల డాలర్ల చిల్లర మాత్రమే. దాని కోసం అంత ముప్పు తెచ్చుకోకూడదు. అలాగని వదిలేయాల్సిన పని కూడా లేదు. విద్యార్థులు ఆగస్టు చివరికి వెళ్ళిపోతారని అక్కడి యజమానులందరికీ తెలుసు. "నా తరగతులు సెప్టెంబరు 2న మొదలవుతాయి, ఆగస్టు 28 వరకు ఒక్క షిఫ్ట్ కూడా మానకుండా పనిచేస్తాను, బోనస్‌లో సగమైనా ఇవ్వగలరా" అని ఇప్పుడే, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అడగండి. ఆగస్టు మూడో సోమవారం డిస్కవరీ డే సెలవు వారాంతంలో ఊరు కిటకిటలాడుతుంది, ఆ వారమంతా ఉంటానన్న మనిషి విలువ వాళ్ళకు బాగా తెలుసు. నాకు రెండో ఏడాది అలాగే సగం ఇచ్చారు.

మే 5 మాత్రం మీకు తొందర. అక్క చెప్పిన నష్టం సరిగ్గా ఆ మూడు వారాలదే. మే 24 ప్రాంతంలో వస్తానని రాయండి. వారం రోజులు పని నేర్చుకోవడానికి సరిపోతాయి, జూన్ 1 నుంచి గంటలు నిండుగా ఉంటాయి. వాళ్ళు ఒప్పుకోక మే 5నే రావాలంటే, జూన్ 1 వరకు బస కోత తీసేయమని అడగండి. ఒప్పుకున్నది ఏదైనా సరే ఈమెయిల్‌లో వచ్చాకే విమానం టికెట్ కొనండి.